ఆరున్నొకటి

“లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... ఆరున్నొకటి.”

గంగాప్రసాద్ వేలు చివరి మొక్క దగ్గర ఆగింది. పక్కన నిలబడ్డ సంజన నవ్వింది.

“ఏడు అనొచ్చు కదా అంకుల్?”

“ఏడంటే ఏడుపమ్మా. మా నాయిన వడ్లు కొలిచినా, నేను మోపులు దించినా, ఒకటిని లాభమంటం, దాన్ని ఆరున్నొకటంటం. యాపారం చేసేటోని నోట్లె ఆ మాట రావద్దు.”

నవ్వుతూనే అన్నాడు గానీ వేలు మళ్లీ మొదటి మొక్క మీదికి పోయింది. పోయిన నెలా ఇక్కడ అన్నే మొక్కలు. ఫొటో తీశాక ఒకటి పీకి జేబులో కుక్కుకుని పోయింది తనే. ఇప్పుడు ఆరుండాలి. లేవు. జనవరి నుంచి ప్రతినెలా ఇదే వరస.

షార్జా పక్క కల్బాలో గంగాప్రసాద్‌ది పశువుల గడ్డి దుకాణం. నెలకోసారి పికప్ నిండా మోపులు వేసుకుని ఈ కొండలోయలోని మేకల దొడ్డికి వస్తాడు. మేకలు కఫీల్‌వి, వీసా ఇచ్చిన అరబ్బు యజమానివి. కాసేది వెంకట్రాములు, తన జగిత్యాల వైపువాడే. సంజన అబుదాబిలో పుట్టి పెరిగిన పిల్ల. ఆమె బృందం ఈ కొండల మీద కంప్యూటర్లో ఒక మోడల్ కడుతోంది. వాన తగ్గి, ఎండ ముదిరి, మేకలు ఇలాగే తిరిగితే, చెట్టూ గడ్డీ కలిసి పెరిగే ఈ మేతబీళ్లు ముప్పయ్యేళ్లకు ఏమవుతాయో అది చెబుతుంది. చెప్పాలంటే దానికి లెక్కలు కావాలి. రాళ్లతో గుర్తు పెట్టిన ఈ కంచెలేని మడిలో సమర్ మొక్కలు, మన తుమ్మలాంటివే, ఎన్ని బతికాయో నెలనెలా ఫొటో తీసి పంపాలి. ఎలాగూ వస్తాడు గదా అని ఆ పని గంగాప్రసాద్‌కు అప్పగించారు.

జనవరిలో సంజన, వెంకట్రాములు వింటుండగానే, ఒక మాట అంది. “మొక్కలు తగ్గుతూ పోతే ఈ లోయలో మేత ఆపేయమని ప్రభుత్వానికి రాయాల్సి వస్తుంది అంకుల్.”

ఆమె చెట్ల గురించి చెప్పింది. ఆయనకు మోపులు వినిపించాయి. కొండ మూసేస్తే మేకలు దొడ్లోనే నిలబడి తినాలి. తినేది తన గడ్డే. కట్టేసిన మేకకు కాపరి ఎందుకు? వెంకట్రాములు వీసా ఖలాస్. ఆ సంగతీ లెక్కకు రాకపోలేదు. ఖర్చు కింద రాసుకున్నాడు. ఆ రోజే మొదటి మొక్క పీకాడు.

ఖర్చు కింద రాసిన మనిషి మాత్రం ప్రతినెలా చాయ్ గ్లాసుతో ఎదురొచ్చేవాడు.

“ఎన్నున్నయి సేటూ?” అని ఊపిరి బిగబట్టి అడిగేవాడు.

“ఆరున్నొకటి.”

“బతికిచ్చినవ్!”

ఎక్కడా నిలవని చూపు, గోళ్ల సందుల్లో మట్టి, ఇంకో చేతిలో నీళ్ల క్యాను. ఉత్త అమాయకుడు అనుకునేవాడు గంగాప్రసాద్. దొడ్డి వెనక పాలపొడి డబ్బాల్లో ఏదో పెంచుతుంటే ఓసారి అడిగాడు.

“ఏంది రాములూ, మిర్చా?”

“తోటకూర సేటూ. ఎండకు ఆగుతలేదు.”

పది నెలల్లో ఆ కూర ఒక్కసారీ వండిపెట్టలేదు.

ఇవాళ సంజన పికప్ బానెట్ మీద లాప్‌టాప్ తెరిచింది. వెంకట్రాములు మేకలను వదిలేసి వచ్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“ఈ లోయ మొండిది. ఒకటి పోతే పక్కనే ఇంకొకటి వస్తోంది. ఎండ పెంచి చూశాం, వాన తగ్గించి చూశాం. ఇన్నే మేకలైతే చెట్లు నిలుస్తాయని మోడల్ అంటోంది. మేత ఆపక్కర్లేదని రాస్తున్నాం. అంకుల్ నెల తప్పకుండా లెక్క పెట్టబట్టే ఇది తేలింది.”

వెంకట్రాములు గంగాప్రసాద్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. “నీ లెక్కే నన్ను నిలబెట్టింది సేటూ. ఇంటికాడ నా పెండ్లాం భూమవ్వకు చెప్త. నీ పేరు మీద దీపం పెడ్తది.”

దీపం అనగానే గంగాప్రసాద్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఎన్ని బేరాల్లో ఎన్ని అబద్ధాలాడాడు! ఏదీ ఇంత బరువు తూగలేదు.

“వద్దు రాములూ, నా పేరు ఎత్తకు. నేను మొక్కలు పీకిన. నెలకొకటి, ఫొటో తీసినంక. నేరం నీ మేకల మీద పడాలని.”

సంజన లాప్‌టాప్ మీంచి తలెత్తింది. “ఎన్ని అంకుల్?”

“పది.”

“పది పీకితే... మరి ఇప్పుడు ఇక్కడున్నవి?”

“ఏడు.”

ముప్పయ్యేళ్ల వ్యాపారంలో ఆ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు.

“అదే నాకు సమజైతలేదు తల్లీ. పీకినకొద్దీ మొలుస్తున్నయి. ఈ కొండ నన్ను చూస్తున్నదని భయమైతున్నది. రాములూ, తిట్టురా. రెండు కొట్టు.”

వెంకట్రాములు తిట్టలేదు. మేకల వైపు చూశాడు, పాలపొడి డబ్బాల వైపు చూశాడు, సంజన ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు.

“గవి... నువ్వు పీకినవా?”

“అవును.”

“మరి... నా మేకలు తిన్నయనుకొని నేను నాటిన సేటూ.”