మెట్ల చప్పుడు

“ఇవాళ కూడానా?” మంచం మీద పడుకునే అడిగాడు మెకానిక్. లేచి కూర్చోవాలంటే నడుముకు బెల్టు బిగించుకోవాలి, బెల్టు బిగించుకోవాలంటే భార్య కావాలి.

“సోమవారమే కదండీ విచారణ. లాయరుగారు రమ్మన్నారు,” అంది ఆమె, అద్దం ముందు చెవికి కమ్మ పెట్టుకుంటూ.

“లాయరు దగ్గరికి కమ్మలెందుకు?”

“మీరు కొన్నవే. మూడేళ్ళుగా పెట్టుకుంటున్నవే.”

“నేనిప్పుడే చూస్తున్నాను.”

“అప్పట్లో మీకు లిఫ్టులు తప్ప ఇంకేం కనిపించేవి గనక?” నవ్వి, అతన్ని లేపి కూర్చోబెట్టి, బెల్టు బిగించింది. మందుబిళ్ళలు చేతికందేలా పెట్టింది. “మళ్ళీ చెబుతున్నా, గడప దాటకండి. కంపెనీవాళ్ళు మనిషిని పెట్టి వీడియో తీయిస్తారట. మీరు ఒక్క మెట్టు దిగినట్టు చూపించినా కేసు గోవిందా అన్నారు లాయరుగారు.”

లాయరుగారు అన్నారు, లాయరుగారు చెప్పారు! మొగుణ్ణి ఇంట్లో కట్టిపడేయడానికి భలే ఉపాయం చెప్పాడు లాయరుగారు. మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది.

అయిదు నెలల క్రితం, బాగుచేస్తున్న లిఫ్టు రెండంతస్తులు జారి, అతని వెన్నెముకలో రెండు ఎముకలు చిట్లాయి. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళగలడు, అంతే. తప్పు అతనిదేనంటోంది కంపెనీ. పరిహారం వస్తేనే రెండో ఆపరేషన్, అది జరిగితేనే మళ్ళీ మామూలు మనిషి కావడం. ఇరవై ఏళ్ళు ఊరందరి లిఫ్టులూ నడిపించినవాడి ఇల్లు మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో!

లిఫ్టు తలుపు తెరవకుండానే, చప్పుడు విని జబ్బు చెప్పగలడని అతనికి పేరు. ఇప్పుడా చెవి మెట్ల మీదికి మళ్ళింది. భార్య దిగేటప్పుడు గబగబా దిగుతుంది, ఎక్కేటప్పుడు అలిసిపోయి ఎక్కుతుంది. పది రోజులుగా మాత్రం ఎక్కడం కూడా గబగబానే ఎక్కుతోంది. అంత హుషారు ఎక్కడినుంచి వస్తోంది? ఆలోచించినకొద్దీ అతనికి అన్నం సయించడం లేదు.

ఆమె దిగిపోయిన కాసేపటికి టక్, టక్ మని కర్ర చప్పుడు. ఒక్కో అంతస్తు దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని మళ్ళీ టక్, టక్. కింది వాటా బాబాయి. రెండు నెలల క్రితం అద్దెకు దిగిన పెద్దాయన. రెండు మోకాళ్ళూ అరిగిపోయినా రోజూ చదరంగానికి వస్తాడు.

“నీ నడుమూ నా మోకాళ్ళూ కలిపితే ఒక పూర్తి ముసలాడు తయారవుతాడోయ్ అబ్బాయ్,” అంటూ చతికిలబడి పావులు పేర్చాడు. నాలుగెత్తులు అయ్యాక అన్నాడు, “మీ ఆవిడ నవ్వితే ముచ్చటగా ఉంటుందోయ్.”

“మీరెక్కడ చూశారు?”

“అయ్యో, నోరు జారాను. నీ ఎత్తే, కానివ్వు.”

“చెప్పండి బాబాయ్.”

“మన వీధి చివర కాఫీ హోటల్లో. కిటికీ పక్క బల్ల. పక్కన ఆ లాయరు. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. ఇప్పుడు వస్తుంటే కూడా కనిపించారు.”

“లాయరు ఆఫీసుకే వెళ్ళిందనుకున్నాను!”

“ఆఫీసులో కాఫీ బాగుండదేమోలే. నువ్వు మనసు పాడుచేసుకోకు. లేవలేనివాడివి, ఏం చేస్తావు చెప్పు?”

ఆ మాటతో మెకానిక్ లేచాడు. చదరంగం బల్ల బోర్లా పడింది.

“అబ్బాయ్, వద్దు, నా మాట విను,” అంటూనే బాబాయి వెళ్ళి తలుపు బార్లా తీశాడు.

మొత్తం యాభైనాలుగు మెట్లు. కమ్మీ పట్టుకుని, పళ్ళ బిగువున ఒక్కోటీ దిగాడు. నడుములో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. అయినా కళ్ళ ముందు కమ్మలే ఊగుతున్నాయి. వెనక కర్ర చప్పుడు లేదు. పాపం, ముసలాయన పైనే ఉండిపోయాడనుకున్నాడు. వీధి దాటేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె నవ్వుతోంది. ఎదురుగా లాయరూ నవ్వుతున్నాడు. మెకానిక్ తలుపు తోసుకుని వెళ్ళి నోరు తెరవబోయి ఆగిపోయాడు. మూడో కుర్చీలో తోటి మెకానిక్ కాగితాల మీద సంతకం పెడుతున్నాడు. ఆ రోజు లిఫ్టు దగ్గర తనతో ఉన్నవాడు, ఇన్నాళ్ళూ నోరు విప్పనివాడు.

“ఏవండీ!” భార్య ముఖం పాలిపోయింది. “ఎలా దిగారు? ఎందుకు దిగారు?”

“ఇతను...”

“పది రోజులుగా బతిమాలుతున్నాం. కంపెనీవాళ్ళు చూస్తారని లాయరుగారి ఆఫీసుకు రానన్నాడు, అందుకే ఇక్కడ. ఒప్పుకునేదాకా మీకు ఆశపెట్టడమెందుకని చెప్పలేదు. ఆ రోజు కరెంటు తీయనివ్వంది సూపర్‌వైజరేనని ఇవాళ రాసిచ్చాడు. గెలుస్తామన్నారండీ లాయరుగారు. నవ్వొద్దా మరి?”

మెకానిక్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల పట్టుకుని కూలబడ్డాడు. ఆమె చేయి అందుకుని, “నన్ను చెప్పుతో కొట్టు,” అన్నాడు.

“ముందు ఇల్లు చేరండి, తర్వాత కొడతాను,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

లాయరు మాత్రం వాళ్ళ వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఇందాకటినుంచీ ఫోను ఇటే పట్టుకుని నిలబడ్డాడు, ఎవరాయన?”

“మా కింది వాటా బాబాయండీ. నాకేమవుతుందోనని కంగారుపడి వచ్చుంటాడు. పాపం, ఆ మోకాళ్ళతో...” అంటూ మెకానిక్ కిటికీ వైపు తిరిగాడు.

బాబాయి పరుగెత్తుతున్నాడు.