పీరుసామి చేపలు

చెరువు ఎండిపోయి దర్గా వెనక మడుగొక్కటే మిగిలింది. అందులో చారల చేపలు పదకొండు. ఊరంతా పస్తులుంది. అయినా వాటి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

వేసవి మొదట్లో చేపల ఆఫీసరు వచ్చి వాటిని లెక్కపెట్టాడు. ఈ జాతి చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదనీ, వాన పడేదాకా బతికితే గుడ్లు పెట్టి చెరువు నింపుతాయనీ షాజాది నాయన జిలాన్ బాషాతో చాలాసేపు మాట్లాడి పోయాడు. జిలాన్ బాషా దర్గాలో దీపం పెట్టే మనిషి.

ఆ వారంలోనే నాయన ఊరందరినీ పిలిచి తనకొచ్చిన కల చెప్పాడు. "అవి నా చేపలు. తిన్నోళ్ళ ఇంట్లో దీపం నిలవదు" అన్నాడట పీరుసామి. వల భుజాన వేసుకొచ్చిన శివప్ప అక్కడే దాన్ని మడిచి, మడుగుకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

షాజాది రోజూ పొద్దున్నే బావి నుంచి రెండు బిందెలు మోసి మడుగులో పోసేది.

"మనుషులకు గంజి లేదు, చేపలకు నీళ్ళు మోస్తాండావా పాపా?" అనేది పక్కింటి నారాయణమ్మ.

"మనవి కాదు కదత్తా. పీరుసామివి."

ఆ ఎండల్లోనే అమ్మ అమీర్ బీ ఆడపిల్లను కన్నది. కన్నాక మంచం దిగలేదు. పాలు పడలేదు. హకీం సాబు చెయ్యి పట్టి చూసి, కడుపులోకి బలమైన తిండి పోకుంటే కష్టమన్నాడు. నాలుగు రోజులు చేపల పులుసు పోయమన్నాడు.

నాయన వల తీసుకున్నాడు.

"యాడికి?" అంది అమ్మ.

"మడుగుకు. ఒక్కటి తెస్తా."

"కలలో కనపడి చెప్పింది నీకే కదా. నువ్వే మాట తప్పుతావా? ఇద్దరు ఆడపిల్లోళ్ళు ఉండారు ఇంట్లో. నా నోట్లో ముద్ద కోసం వాళ్ళ దీపం ఆర్పుతావా?"

నాయన నోరు తెరిచాడు. వాకిట్లో నారాయణమ్మ, శివప్ప, వీధిలోవాళ్ళంతా ఎముకలు తేలిన మొహాలతో నిలబడి వింటున్నారు. వాళ్ళ వంక చూసి నోరు మూసుకున్నాడు. వల మళ్ళీ గోడకు తగిలించాడు.

అయిదోనాడు అమ్మ పోయింది. రెండు రోజులకు చంటిది పోయింది.

"చచ్చేటప్పుడు కూడా సామి మాట దాటలేదు తల్లి" అని నారాయణమ్మ కళ్ళు తుడుచుకుంది. షాజాది ఆ మాటనే పట్టుకుని ఏడుపు ఆపుకుంది.

నెల తిరక్కుండా వాన దంచింది. చెరువు నిండింది. ఒడ్డు పొడుగునా చేపపిల్లలు మబ్బుల్లా తిరుగుతున్నాయి.

ఆఫీసరు జీపులో వచ్చి చెరువు చూసి మురిసిపోయాడు. షాజాది తెచ్చిన చెంబులో నీళ్ళు తాగి, నాయన భుజం తట్టాడు.

"కల వచ్చిందని అబద్ధం చెప్పలేను సారూ అని ఆ రోజు ఎంత మొండికేసినావు బాషా, చూడు, పదకొండుకు పదకొండూ బతికినాయి."