డొక్కు బండి

తమ్ముడు నడుపుతున్న పికప్ ముందు వెళుతోంది. ఎర్ర స్పోర్ట్స్ కారు దాని వెనకే వస్తోంది.

రెండూ ఇరవై రెండేళ్ల నాటివే. కానీ అన్న దృష్టిలో కారు వన్నె తగ్గని రాణి, పికప్ ఒట్టి డొక్కు.

"దాని వాలకం చూడు," అన్నాడు కారులో పక్కన కూర్చున్న భార్యతో. "వెనక తలుపుకి కట్టుతీగ. ఒక లైటు గుడ్డిది. వీడూ, వీడి బండీ సరిగ్గా సరిపోయారు."

అద్దాలు దించి ఉన్నాయి. ఆమె చేతిలోని కాగితంతో విసురుకుంటోంది.

పికప్‌ని తుక్కు కింద ఇచ్చేస్తున్నట్టు రాసిన కాగితం అది. తండ్రి పోయాక బండి అన్న పేరు మీదికి వచ్చింది. దాని మీద బతికేది మాత్రం తమ్ముడు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోస్తాడు. ఇంకో ఏడాది ఉండనివ్వమని మొన్న అడిగాడు. అన్న మాత్రం వర్క్‌షాపుకి వెళ్లాక సంతకం పెట్టి, మెకానిక్ ఎదుటే తమ్ముడి చేతికివ్వాలని నిశ్చయించుకున్నాడు.

పొద్దున రమ్మనగానే తమ్ముడు మారు మాట్లాడకుండా వచ్చాడు. అదీ చిరాకే. ఎదురు తిరగనివాణ్ణి ఎంతకాలమని అసహ్యించుకోవడం?

మలుపు దగ్గర పికప్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. అన్న బ్రేకు మీద బలంగా కాలు నొక్కాడు.

"ఇండికేటర్ ఏడ్చింది కదా. ఆ చేతులూపడమేమిటి, గొడ్లు తోలుతున్నట్టు?"

"మీకు తెలియాలనేమో," అంది భార్య.

"వాడు నాకు తెలియజెప్పాలా?"

స్టీరింగ్ తిప్పేసరికి భుజాలు పీకాయి. మంచి బండి అంత తేలిగ్గా లొంగదులే అని సర్దిచెప్పుకున్నాడు.

చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు తమ్ముడు రెండడుగులు వెనక నడవాలి. ఆ నియమం అన్న పెట్టిందే. ఇప్పుడు తుప్పు పట్టిన ఆ పికప్ వీపు అరగంటగా కళ్లెదుటే ఉంది. చిన్నవాడి వెనక పడి వెళ్లడం ఇంత మంట పుట్టిస్తుందని అతనికి ఇవాళే తెలిసింది.

"అసలు దీని వేగం ముందు అదెంత?" అన్నాడు స్టీరింగ్‌ని నిమురుతూ.

ఆమె విసురుకోవడం ఆపి ముందుకి చూసింది.

"మరీ దగ్గరికి పోనివ్వకండి," అంది.

వర్క్‌షాపు ముందు రెండు బళ్లూ ఆగాయి. అన్న ఆమె చేతిలోని కాగితం లాక్కున్నాడు. స్టీరింగ్ మీద పెట్టి, పేరు చివర ఒక గీత కూడా గీసి, సంతకం ముగించాడు. కిటికీలోంచి చెయ్యి చాపి చిటికె వేశాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా," అన్నాడు తమ్ముడు పికప్ దిగుతూ.

ఆ తర్వాత రెండు బళ్ల మధ్యా వంగి, పొద్దున స్టార్టవక మొరాయించిన ఎర్ర కారుని ఇంతదూరం లాక్కొచ్చిన తాడు విప్పాడు.