వెతికి అడగండి

"బ్యాకప్ ఉందన్నావు కదయ్యా!"

"ఉంది వదినా. ఎక్కడం లేదంతే."

వదిన చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద ఠపీమని దిగింది. ఉదయం పదిన్నర. పొద్దున్నే సర్వర్‌లో డిస్కు కాలం చేసింది. దానితోపాటు వదినా మరుదులు ఏడేళ్లుగా నడుపుతున్న ఫోరం కూడా మాయమైంది. డేటాబేస్ పని చేసేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో ఇరవై రెండు వేలమంది అందులో సభ్యులు. ఎవరికి ఏ చిక్కు వచ్చినా అక్కడ అడిగేవారు, ఎవరో ఒకరు విప్పేవారు. సభ్యులు పెరగాలని, చేరితే తప్ప జవాబు కనపడకుండా వదినే కట్టడి చేసింది. ఆ ఎత్తు బాగానే పారింది. ఇప్పుడు మాత్రం ప్రశ్నలూ లేవు, జవాబులూ లేవు. మిగిలిందల్లా మరిది తీసిన ఒక్క బ్యాకప్ ఫైలు. అది కొత్త డిస్కు మీదికి ముప్పాతిక వంతు ఎక్కుతుంది, అక్కడ మొరాయిస్తుంది, ఎక్కిందంతా వెనక్కి జారిపోతుంది.

"ప్రతి ఆదివారం తీస్తూనే ఉన్నాను వదినా" అన్నాడు మరిది, గోళ్లు కొరుక్కుంటూ.

"తీశావు సరే. ఒక్కసారైనా ఎక్కించి చూశావా?"

మరిది సీలింగు ఫ్యాను వంక చూశాడు.

"పోనీ, అంతకుముందు ఆదివారానిది?"

"చోటు చాలదని దానిమీదే ఇది రాసేశాను."

వదినకు అతన్ని నమిలి మింగేయాలన్నంత కోపం వచ్చింది. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. సాయంత్రం నాలుగింటికి సభ్యులతో ఆన్‌లైన్ సమావేశం. ఆరొందలమంది పేర్లిచ్చారు. మాట్లాడేది వదినే. విషయం, 'ఎక్కించి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు'.

"పోనీ మన సభ్యుల్నే అడుగుదామా?" అన్నాడు మరిది నసుగుతూ.

"అడుగు. రేపటికి ఒక్కడు మిగిలితే ఒట్టు."

ఫోను అప్పటికే క్షణం ఊరుకోవడం లేదు. "పంతులమ్మగారూ, సైటు తెరుచుకోవడం లేదేమిటి?" అని ఒకటే మెసేజీలు. పంతులమ్మ అన్నది సభ్యులు వదినకు పెట్టిన పేరు. ఊరికే పెట్టలేదు. ఎవరైనా పాత ప్రశ్న మళ్లీ అడిగితే చాలు, "ఇది ముందే అడిగారు. వెతికి అడగండి" అని ఒక లింకు మొహాన కొట్టి, ప్రశ్నకు తాళం వేసేది. కొత్తగా చేరినవాళ్లు బిక్కచచ్చిపోయేవారు. కాస్త మెత్తగా చెప్పండి వదినా అని మరిది ఎన్నిసార్లు బతిమాలాడో. వింటేగా!

అందరికీ విడివిడిగా సమాధానం చెప్పలేక వదిన సైటు ముఖాన ఒక బోర్డు పెట్టింది. "చిన్న మరమ్మతు జరుగుతోంది. అరగంటలో వచ్చేస్తాం. ఓపిక పట్టండి. మీ పంతులమ్మ."

ఆ అరగంట మూడుసార్లు అయిపోయింది.

"ఇక ఒక్కటే దారి వదినా. పోటీవాళ్ల ఫోరంలో అడుగుదాం."

"ఆ చేపల మార్కెట్‌లోనా? చచ్చినా అడగను."

పన్నెండుంబావుకు అడిగింది. 'కొత్తపిల్ల' అని దొంగపేరు పెట్టుకుని, కీబోర్డు విరిగిపోయేలా టైపు చేసింది. "నమస్కారం. నేను ఈ పనికి కొత్త. మా స్నేహితురాలి ఆఫీసులో బ్యాకప్ ఫైలు ముప్పాతిక వంతు ఎక్కి ఆగిపోతోంది. చెడిన ముక్కను దాటేసి మిగతాది ఎక్కించే ఉపాయం ఉందా? దయచేసి చెప్పండి."

"స్నేహితురాలా?" అన్నాడు వెనకనుంచి చదువుతున్న మరిది.

"నోరు మూసుకో."

ఒంటిగంటయింది. జవాబు లేదు. వదిన వంటింట్లోకి వెళ్లింది, ఎందుకొచ్చిందో మరిచిపోయి తిరిగొచ్చింది. నిమిషానికోసారి పేజీ మళ్లీ తెరిచింది. కూర్చుంది, లేచింది, కిటికీ మూసింది, మళ్లీ తెరిచింది. ప్రశ్న అడిగినవాళ్ల ప్రాణం ఇలా కొట్టుకుంటుందని ఏడేళ్లలో ఆమెకు మొదటిసారి తెలిసింది. పాపం, ఎంతమందిని కసిరిందో.

రెండింటికి అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఊరందరి చిక్కులూ విప్పుతావు కదమ్మా, నీ చిక్కు విప్పేవాళ్లే లేరా? ముందు వచ్చి అన్నం తినండి."

"ఆకలి లేదత్తయ్యా."

"నాకుంది" అన్నాడు మరిది. వదిన చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు.

రెండూ నలభైకి కంప్యూటర్ టింగుమంది. ఇద్దరూ ఒకేసారి తెర మీదికి వంగారు, తలలు ఢీకొన్నాయి.

"అమ్మాయీ, ఇది ఎప్పుడో అడిగేశారు. వెతికి అడగడం నేర్చుకో. సరిగ్గా ఇదే చిక్కు ఆరేళ్ల కిందట ఎవరికో వస్తే, ఒక పెద్దాయన మొదటినుంచి చివరిదాకా పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. ఇరవై నిమిషాల పని. అలాంటి జవాబు ఇంకెక్కడా లేదు, మా దగ్గరా లేదు. ఇక్కడ నొక్కు."

మరిది నవ్వు ఆపుకోలేక మూతి తుడుచుకున్నాడు. వదినకు కోపం కూడా రాలేదు.

"తిట్టనీలే, నాకు కావలసిందే. ఇరవై నిమిషాలట! నాలుగింటికి ఇంకా గంట పైనే ఉంది. గండం గడిచింది!"

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా లింకు నొక్కింది. పేజీ తెరుచుకుంది.

"చిన్న మరమ్మతు జరుగుతోంది. అరగంటలో వచ్చేస్తాం. ఓపిక పట్టండి. మీ పంతులమ్మ."