తలనొప్పి మెషిన్

“ఆ తాళంచెవి ఇలా ఇచ్చేయండి,” అన్నాడు ప్రెసిడెంటు, చెయ్యి చాపి.

టైలరమ్మ ఆ చేతిలో ఏమీ పెట్టలేదు. ముందుగదిలో కుట్టు మెషిన్ మీదున్న మందపాటి కాన్వాసు గుడ్డని ఇంకో జానెడు ముందుకి జరిపింది.

“నా దగ్గర లేదండీ.”

“మరెవరి దగ్గరుంది?”

“ఓనరు దగ్గర.”

“అంటే మీవారి దగ్గర,” అని ఆయనే తేల్చేశాడు. ఎదుటివాళ్ళని వాక్యం పూర్తి చెయ్యనిచ్చే అలవాటు ఆయనకి లేదు. కాలనీ సంఘానికి ప్రెసిడెంటయిన దగ్గర్నుంచీ పిల్లల బంతాట, ఐస్‌క్రీం బండి గంట, కుక్కల మొరుగుడు అన్నీ నిషేధించాడు. కుక్కలు మాత్రం లెక్కచెయ్యలేదు. పిల్లలు ఆయనకి ‘సైలెన్సు’ అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఇక మిగిలింది టైలరమ్మ పెరట్లో ఉన్న మెషిన్. ఎండుకొమ్మలూ రాలిన ఆకులూ దాని నోట్లో వేస్తే నుగ్గు నుగ్గు చేసి పొట్టులా కక్కుతుంది. సైలెన్సుది పక్కిల్లే, మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. అందుకని ఇవాళ సాక్ష్యానికి భార్యని కూడా వెంటపెట్టుకొచ్చాడు.

“నువ్వు చెప్పవే,” అన్నాడు.

“తల పగిలిపోతోందండీ,” అంది ఆవిడ, నేల చూపులు చూస్తూ.

“విన్నారా? మధ్యాహ్నం మీ మెషిన్ మోగే వేళయితే చాలు, మా ఆవిడ పెరటివైపు గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. పిలిస్తే పలకదు, తలుపు బాదినా పలకదు. నాకు టీ ఇచ్చే దిక్కుండదు!”

“పాపం,” అంది టైలరమ్మ. ఎవర్నన్నదో చెప్పలేదు.

“మా పెరడు చూసి నేర్చుకోండమ్మా. చెట్లు కొట్టించేసి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు చేయించాను. ఈవిడ ఓ మూల కాస్త మట్టి వదలమని ఏడుపు. వదిల్తే మొక్క నాటుతుంది, మొక్కకి ఆకులొస్తాయి, అవి రాల్తాయి. నాకు తెలీదూ?”

“మా వంటింటి కిటికీ కింద టమాటాలన్నీ ఓనరు చలవేనండీ. నా చేతికి మొక్కిస్తే వారం తిరక్కుండా చంపేస్తాను.”

“బస్సు నడిపే మీవారికి వ్యవసాయం ఒకటి!” అని నవ్వాడు ఆయన. “అది సరే, మెషిన్లు నడపడం ఆడవాళ్ళ పనా? మా ఆవిడ మిక్సీ వెయ్యాలన్నా జంకుతుంది. మొన్న మేడ మీంచి చూశాను. కళ్ళకి అద్దాలు, చెవులకి డిప్పలు, మూతికి గుడ్డ, మోచేతుల దాకా గ్లౌజులు. పట్టపగలు దయ్యాన్ని చూసినట్టయింది!”

ఆయన భార్యకి పొరబోయింది. టైలరమ్మ లేచి మంచినీళ్ళిచ్చింది.

“దయ్యానికి వేళ్ళన్నీ ఉన్నాయా లేదా, అది చూడండి అన్నయ్యగారూ. కొమ్మని కర్రతో తోస్తాం గానీ చేత్తో తొయ్యం. తడి ఆకులు వెయ్యం, దాని గొంతుకి అడ్డం పడతాయి. ఇక పగటిపూట మెషిన్లు నడుపుకోవచ్చని మీ సంఘం రూలే చెబుతోంది. రాసింది మీరే.”

“రూలు మారుస్తాను.”

“మార్చేదాకా మోగుతుంది.”

ఆయన ముఖం కందగడ్డయింది. “గొడవెందుకు? అమ్మేయండి.”

“ఓనరు అమ్మరు.”

“ఆయనకి పొద్దస్తమానం హారన్ కొట్టీ కొట్టీ చప్పుడంటే లెక్కలేకుండా పోయింది. రేపు గనక ఆ మోత వినిపించిందో, నేనే పెరట్లోకొస్తాను. తాళంచెవి లాక్కుని, మెషిన్ని పాత ఇనుము కొనేవాడికి తోలేస్తాను!”

“తప్పకుండా రండి. వెనక గేటు తీసే ఉంటుంది.”

ఆయన చరచరా గుమ్మం దాటాడు. వెనకే వెళ్ళబోతూ భార్య కాన్వాసు గుడ్డని వేళ్ళతో తడిమి చూసింది.

“ఏప్రనా? జేబుకి రెండు వరసలు కుట్టు వెయ్యండి. బరువుకి ఊడిపోతుంది.”

“ఇప్పుడా సలహాలు?” అని బయటినుంచి కేకేశాడు సైలెన్సు.

“తలనొప్పిలో ఏదో అన్నాను లెండి.”

మర్నాడు మధ్యాహ్నం ఆయన అలా నడుం వాల్చాడో లేదో, మెషిన్ గర్జించింది. ఆయన దిగ్గున లేచాడు. భార్య గది తలుపు అప్పటికే వేసి ఉంది.

“నువ్వు పడుకో. ఇవాళ్టితో నీ తలనొప్పి వదిలించేస్తాను,” అని తలుపుకి చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ బయల్దేరాడు.

వెనక గేటు అన్నట్టే తీసి ఉంది. చెట్టు నీడలో అదే అవతారం. అద్దాలు, డిప్పలు, గుడ్డ, గ్లౌజులు. పైన కొత్త ఏప్రను.

“ఆపండి!”

ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ ఊపాడు. గ్లౌజు తొడిగిన అరచెయ్యి ఒకటి పైకి లేచింది, కాస్త ఆగమన్నట్టు. ఆ తర్వాత చేతిలో కొమ్మని మెషిన్ నోటికందించి, కర్రతో మెల్లగా తోసి, ఆఖరి పుల్ల దాకా నుగ్గయ్యేవరకూ తొందరపడలేదు. పొట్టు ఎగిరి ఆయన చెప్పుల మీద పడింది. అప్పుడు తాళంచెవి తిరిగింది. మోత ఆగింది.

“ఇటివ్వండి,” అన్నాడు, చెయ్యి చాపి.

తాళంచెవి ఏప్రను జేబులోకి జారింది. గ్లౌజు చెయ్యి పైనుంచి ఒకసారి తట్టింది.

“ఎంత పొగరమ్మా నీకు! నేనెవర్ననుకున్నావ్? అవతల మా ఆవిడ తల పట్టుకుని మంచాన పడుంటే, నువ్విక్కడ…”

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ కాస్త నిశ్శబ్దంలో, ముందుగదిలోంచి కుట్టు మెషిన్ టకటకలు వినిపించాయి.

“నా తలనొప్పి ఎప్పుడో తగ్గిందండీ,” అంది ఆయన భార్య, కళ్ళద్దాలు తీస్తూ.