మార్చినంకనే పోదాం

రాయమల్లు పాత లారీ కొన్నాడు. నిండు గర్భిణి అయిన భార్య సరోజనను దాంట్లోనే ఉట్నూరు నుంచి బెల్లంపల్లి దవాఖానకు తీసుకుపోవాలి.

"బ్రేకాయిల్ నల్లగైంది. మారుద్దామా, గిట్లనే పోదామా?" అని ఆమెను అడిగాడు.

"నొప్పులింకా రాలే గద. ఘాటు రోడ్డు దిగాలె, కడుపుల బిడ్డున్నది. మార్చినంకనే పోదాం."

పాత ఆయిల్ తీసేసరికి ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. కొత్తది పోసి బయలుదేరేసరికి పొద్దు వాలింది. ఘాటులో బ్రేకులు బాగా పట్టాయి. సరోజన మూలుగు ఆగితే నిద్రపోయిందనుకుని, కుదుపు తగలకుండా ఇంకా నెమ్మదిగా నడిపాడు.

దవాఖాన ముందు నర్సు లారీలోకి ఎక్కి, ఆమె చెయ్యి పట్టి చూసింది. "శానా నెత్తురు పోయింది. జర ముందుగాల తెస్తే ఇద్దరూ బతుకుతుండె కొడుకా!"

రాయమల్లు బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు.