చెవి మేస్త్రి

“క్లచ్ తొక్కితే వస్తోందా, వదిలితే వస్తోందా?” అని అడిగాడు మేస్త్రి.

“మీరే విని చెప్పండి” అంది కారులో కూర్చున్న అమ్మాయి.

మేస్త్రికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

పసుపుపచ్చ స్పోర్ట్స్ కారది. ఎక్కితే రోడ్డు మీద చతికిలబడ్డట్టుండే రకం, గేర్లు చేత్తో మార్చుకునేది. క్లచ్ తొక్కి వదులుతుంటే ఏదో వింత చప్పుడొస్తోందని తెచ్చింది. చప్పుడు పట్టుకోవాలంటే ఈ షెడ్డుకే వెళ్లమని ఎవరో చెప్పారట. చెప్పరూ మరి! బానెట్ ఎత్తకముందే చెవి ఒగ్గి జబ్బు చెప్పేస్తాడని పేటంతా అతనికి చెవి మేస్త్రి అని పేరు పెట్టేసింది.

ఆ చెవులు కొంతకాలంగా మొరాయిస్తున్నాయి. సంగతి అతని భార్యకొక్కదానికే తెలుసు. బిల్లులు రాసే నెపంతో ఆవిడ కారు పక్కనే నిలబడేది. క్లచ్ తొక్కినప్పుడు చప్పుడొస్తే ముక్కు గోక్కునేది, వదిలినప్పుడొస్తే కళ్లజోడు సర్దుకునేది. మిగతాది మేస్త్రి బుర్ర చూసుకునేది. ఎవరికైనా చూపించుకోండని పోరీ పోరీ ఆవిడకి నోరు నొప్పెట్టింది.

“చెవి మేస్త్రి కాస్తా చెవిటి మేస్త్రి అయ్యాడని పేటంతా నవ్వాలా?” అనేవాడు అతను. ఆ పైన ఆవిడ ఏమన్నా వినిపించుకునేవాడు కాదు, ఎలాగూ వినిపించేది కాదు.

పోయిన నెల ఆవిడ చెల్లెలింటికి వెళ్లిన రోజు ఒక పాత ఖాతాదారు వచ్చాడు. మేస్త్రి అటూ ఇటూగా ఊహించి, గేరుబాక్సు దింపి, క్లచ్ బేరింగు మార్చేశాడు. చప్పుడు మాత్రం పోలేదు. ఆయన తిట్టినా బాగుండేది. “పర్వాలేదులే మేస్త్రీ” అని, మొహం చూడకుండా తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట తల్చుకుంటే మేస్త్రికి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఇవాళ ఆ మహాతల్లి సరిగ్గా ఈ కారు వచ్చే ముందే కాఫీ పొడి అయిపోయిందంటూ బయటికెళ్లింది. సమయానికి ఎప్పుడు ఉంది కనక, అని పళ్లు నూరుకున్నాడు.

అమ్మాయి ఇంజను స్టార్ట్ చేసింది. క్లచ్ తొక్కింది, వదిలింది. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. దుప్పటి కప్పుకుని విన్నట్టు ఇంజను రొద తప్ప ఏమీ తెలియలేదు. ఆమె అటు తిరిగి ఏదో అంది.

“ఆఁ?”

“ఏం లేదండీ” అని ఇంజను ఆపి కారు దిగింది. ఎడమ పక్కకి వచ్చి ఒక మాటంది, చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్లి ఇంకో మాటంది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మరోటి. అన్నిటికీ తలాడించాడు మేస్త్రి. వెనక్కి తిరిగేసరికి ఆమె నేల మీద పడ్డ తాళాల గుత్తి తీసుకుంటోంది. అది ఎప్పుడు పడిందో అతనికి తెలియదు. డబ్బున్న పిల్ల, ఒక్కచోట కాలు నిలవదు, అనుకున్నాడు.

ఇక ఆఖరి అస్త్రం తీశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని గేరుబాక్సుకి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టాడు. “మళ్లీ స్టార్ట్ చేసి తొక్కండమ్మా. ఊఁ, వదలండి.”

ఇంజను లోపలి సంగతంతా తలలోకి వచ్చేసింది. తొక్కినా వదిలినా అంతా నున్నగా తిరుగుతోంది. ఎక్కడా గీరడం లేదు, అరవడం లేదు.

“అలా పెడితే వినిపిస్తుందా?” అని ఆమె ఇంజను ఆపి ఆసక్తిగా అడిగింది.

“శుభ్రంగా వినిపిస్తుందమ్మా.”

“అయితే మంచిదే. మరి చప్పుడు దొరికిందా?”

ఉన్న చప్పుడు లేనట్టు తోస్తోందంటే, ఈ దారి కూడా మూసుకుపోయిందన్నమాట, అనుకున్నాడు మేస్త్రి.

“దొరక్కేం” అన్నాడు. నోరు దాటిన మాటకి చెంపలు భగ్గుమన్నాయి.

“అయితే గేరుబాక్సు దింపేయండి” అంది ఆమె తాపీగా.

కారు పైకెత్తి కిందికి దూరాడు. మొదటి బోల్టుకి స్పానరు తగిలించాడు. చెయ్యి తిరగలేదు. అంత నిక్షేపంలాంటి కారు. ఇది కూడా విప్పి పారేసి, మళ్లీ ఆ “పర్వాలేదులే” వినాలా? ఛీ, ఏం బతుకు, అనుకున్నాడు. స్పానరు పక్కన పెట్టి బయటికి పాకాడు.

“అమ్మా, ఇందాక అబద్ధం చెప్పాను” అన్నాడు నేల చూస్తూ. “నాకా చప్పుడు వినిపించలేదు. నా చెవులు పనిచెయ్యట్లేదు. పేరు పోతుందని దాచుకొస్తున్నాను. కారు ఇంకెక్కడైనా చూపించుకోండి.”

తల కొట్టేసినట్టుంది. ఆమె ఏమన్నా అందేమో, వినపడలేదు. భయం భయంగా తలెత్తాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో కాఫీ పొడి లేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది.

అమ్మాయి ఈసారి ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనిపించేలా నిదానంగా అంది. “నాకూ ఏ చప్పుడూ వినిపించలేదు బాబాయ్ గారూ. మీ స్క్రూడ్రైవరు నిజమే చెప్పింది.”

మేస్త్రి తెల్లమొహం వేశాడు. భార్య దగ్గరికొచ్చి గొంతు పెంచింది. “పదండంటే మీరు కదలరు కదా. అందుకే ఈవిడనే రమ్మని బతిమాలుకున్నాను.”

“ఎవరే ఈవిడ?”

ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది.

“చెవుల డాక్టరు.”